ఎడమ అంచు

శనివారం నాలుగింటికి, ఊళ్ళో ఫొటోలు తీసే సరదా ఉన్నవాళ్ళు వారం వారం కలిసే గ్రంథాలయం మేడ మీది గదిలో తొమ్మిది ఫొటోలు బోర్డు మీదికెక్కాయి. వాటికి గుండుసూదులు గుచ్చే పని ప్రూఫమ్మది. ఆమె బడిపుస్తకాలు వేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. నలభై ఆరేళ్ళ మనిషి. గుచ్చిన ప్రతి ఫొటో ముందూ ఒక అడుగు వెనక్కి వేసి, వంకర ఉందేమో చూసి, మళ్ళీ ముందుకు వచ్చి సరిచేస్తుంది. ప్రూఫమ్మ అనే పేరు మాస్టారు పెట్టిందే.

ఫొటో కింద పేరు ఉండకూడదు. మిగతావాళ్ళు మాట్లాడటం అయ్యేదాకా తీసినవాళ్ళు నోరు విప్పకూడదు. మాట్లాడేవాళ్ళు మూడే చెప్పాలి: ఏం కనిపిస్తోంది, ఏం అనిపిస్తోంది, ఏది అడ్డొస్తోంది. ఈ పద్ధతంతా మాస్టారిదే. నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. "బాగుంది" అని ఎవరైనా అంటే, "ఎక్కడ?" అని అడుగుతారు. చెప్పేదాకా వదలరు.

నాలుగో ఫొటో లిఫ్టు మెకానిక్‌ది. పేరు లేకపోయినా అందరికీ తెలిసిపోయింది. లిఫ్టు గొయ్యిలో నిలబడి పైకి చూస్తూ ఫొటో తీసే వీలు ఇంకెవరికుంటుంది? పైనుంచి ఒక చీలిక వెలుగు. ఇనుప తాడు పట్టుకుని వంగిన ఒక మనిషి. ఎడమ అంచున సగం తెగిన బూటు.

పళ్ళ డాక్టరు లేచారు. "నా క్లినిక్కులో మీరు నోరు తెరుస్తారు, ఇక్కడ నేను తెరుస్తాను, ఏమనుకోకండి" అని తన పాత జోకు వేశారు. నవ్వాల్సినవాళ్ళు నవ్వారు. ఆయన బూటు మీద వేలు పెట్టారు.

"ఇదెవరిది? ఇక్కడేం చేస్తోంది? తీసేముందు నాలుగంచులూ చూసుకోవాలా వద్దా? ఇది అజాగ్రత్త. నేనైతే ఈ ఫొటో బయటికే తీయను."

రిటైరైన గుమాస్తా గారు తలూపారు. ఇంకో ఇద్దరు కూడా ఊపారు. మెకానిక్ వెనక వరసలో కూర్చుని చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. చేరి రెండు నెలలయింది.

ప్రూఫమ్మ తన వంతు వచ్చాక బోర్డు దగ్గరికి వెళ్ళింది. "నాకు ముందు తాడు కనిపించింది, తర్వాత చేతులు. ఈయన బరువంతా మణికట్టు మీదే ఉంది. చూస్తుంటే నా చెయ్యే లాగినట్టయింది. బూటు కనిపించాక, ఓహో పక్కన ఇంకో మనిషి ఉన్నాడన్నమాట అని భయం కాస్త తగ్గింది. చూసేవాళ్ళకి భయం తగ్గాలనుకుంటే బూటు ఉండనివ్వండి. వద్దనుకుంటే ఒక్క అడుగు కుడికి జరిగి తీయండి."

మెకానిక్ అదీ రాసుకున్నాడు.

అయిదోది మాస్టారిది. ఆయన కాగితం వేరు, దాని తెల్ల అంచు తీరే వేరు. స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో తనే కోస్తారు. మిద్దె మీద ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది. ఎండ దుప్పటి వెనకనుంచి పడి, ఆవిడ చేతుల నీడ బట్ట మీద పెద్దగా వచ్చింది. ఎడమ అంచున కింద సగం ఎర్ర బకెట్టు. దాని పైన ఎవరిదో మోచేయి, తెగి గాలిలో నిలిచినట్టు.

"అబ్బ, ఏం ధైర్యం!" అన్నారు పళ్ళ డాక్టరు. "ఫ్రేము అవతల కూడా లోకం ఉందని చెప్తోంది ఆ మోచేయి."

"ఈ వయసులో కొత్త పోకడ పట్టారు చూడండి" అన్నారు గుమాస్తా గారు. గదంతా హాయిగా నవ్వింది.

మాస్టారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఒక్కొక్కరి ముఖమూ వరసగా చూస్తున్నారు. "ఇంకా?" అన్నారు. తీసినవాళ్ళు మాట్లాడకూడదన్న మాట తనే మరిచిపోయారు. "ఇంకెవరైనా?" అంటూ ప్రూఫమ్మ వైపు చూశారు.

"దుప్పటి మీద వెలుగు చాలా బాగా పట్టుకున్నారు మాస్టారూ" అంది ఆమె.

ఆయన తలూపారు. అడిగిన సరుకు లేదని కొట్టువాడు చెబితే ఊపినట్టు ఊపి, ఆరో ఫొటోకి వెళ్ళమని చెయ్యి చూపించారు.

మీటింగు అయ్యాక మెట్ల మలుపు దగ్గర మెకానిక్ ఆమెని ఆపాడు.

"మేడమ్, ఒక్క మాట. నా బూటేమో అజాగ్రత్త, ఆయన మోచేయేమో ధైర్యం. ఆ తేడా ఏంటో చెప్తే నేర్చుకుంటాను." గొంతులో వెటకారం లేదు. నోటుపుస్తకం తెరిచి పట్టుకున్నాడు.

"ఆయనకి నలభై ఏళ్ళ అనుభవం..."

"అంటే నలభై ఏళ్ళు పోతే నా బూటు కూడా ధైర్యమైపోతుందా?"

ఆమెకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. గొంతు తగ్గించి, "వాళ్ళావిడ పోయి ఏడాదిన్నర అయింది. ఆయనకి ఈ గది ఒక్కటే మిగిలింది" అంది.

"అయ్యో" అన్నాడు మెకానిక్. నోటుపుస్తకం మూసి, "అందుకని?" అన్నాడు.

ఆమె గబగబా మెట్లు దిగింది.

*

సోమవారం ప్రెస్సుకి వచ్చేటప్పుడు గ్రంథాలయం బీరువాలోంచి అట్టపెట్టె పట్టుకొచ్చింది. బోర్డు మీద పెట్టినవాటిలోంచి నెలకొకటి చొప్పున ప్రతి మనిషీ ఆ పెట్టెలో ఉంచాలి. బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, ప్రూఫులు పక్కకి నెట్టి మాస్టారి ఫొటోలు మాత్రం ఏరి బల్ల మీద పరిచింది. పదహారు. వెనక పెన్సిలుతో తేదీలు ఉన్నాయి.

ప్రూఫు చదివేటప్పుడు మాటల వెంట పోకూడదు. కథ బాగుందని చదువుకుంటూ పోతే తప్పు కంటికి ఆనదు. అందుకని ఆమె పేజీని కింది నుంచి పైకి, వెనకనుంచి ముందుకు చదువుతుంది. ఇప్పుడు ఫొటోలనీ అలాగే చూసింది. ముఖాలు చూడలేదు, వెలుగు చూడలేదు. స్కేలు పెట్టి అంచులు మాత్రం చూసుకుంటూ పోయింది. కుడి అంచు, పై అంచు, కింది అంచు అన్నీ ఎప్పటిలాగే కత్తితో కోసినట్టున్నాయి. ఎడమవైపు సైకిలు చక్రం సగం, పడవ ముక్కు, ఎవరిదో వీపు, కుక్క తోక, స్తంభం, బకెట్టు, మోచేయి. మొదటి మూడు ఫొటోల్లో ఏమీ లేదు. తర్వాతి పదమూడింటిలో పదకొండు అలాగే ఉన్నాయి.

మెషిన్‌మన్ సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అటుగా వచ్చి ఆగాడు. ఫొటోల గురించి అతనికేమీ తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా కాగితాలు చూసినవాడు.

"ఏంటమ్మా, అన్నిటికీ ఒకే చోట మచ్చ?"

"మచ్చ కాదు, ఫొటోలే."

"ఏదైతేనేం. పేజీకో చోట తప్పొస్తే కంపోజింగు వాడిని తిట్టాలి. ప్రతి కాగితం మీదా అదే చోట వస్తుంటే మనిషిని అని లాభం లేదు, మెషిన్ ఆపి చూడాలి" అని తన పనికి తను పోయాడు.

ఆమె స్కేలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కెమెరాలో ఏదో కదిలి ఉండాలి, అనుకుంది. అలా అనుకుంటే కాస్త తేలికగా అనిపించింది. కెమెరా అయితే బాగు చేయించవచ్చు.

*

మంగళవారం సాయంత్రం ఆమె వెళ్ళేసరికి మాస్టారు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని అట్ట కోస్తున్నారు. కూతురు ఇంకా పని నుంచి రాలేదు. ఆవిడ డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది.

"మాస్టారూ, ఇవాళ మర్యాదకి రాలేదు."

"మర్యాదకైతే ఫోను చాలు. కూర్చో."

ఆమె మంచం మీద పదకొండు ఫొటోలు వరసగా పేర్చింది. ఆయన బ్లేడు పక్కన పెట్టి, కుర్చీ ఇటు తిప్పుకున్నారు. ఆమె మొదటిదాంతో మొదలుపెట్టింది. గొడుగు కింద నడుస్తున్న ముసలాయన. తడిసిన రోడ్డు మీద ఆయన నీడ ఆయనకన్నా ముందు పోతోంది. ఆ తొందర తనకీ అంటుకుంది. ఎడమ అంచున సైకిలు చక్రం కన్నుని లాగేస్తోంది. తర్వాత పడవ. తర్వాత వీపు. దుప్పట్ల ఫొటో కూడా అయ్యాక, "కెమెరాలో ఏదో లోపం వచ్చిందనుకుంటున్నాను" అంది.

ఆయన లేచి కెమెరా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "తియ్యి."

ఎదురుగోడకున్న క్యాలెండరు ఎడమ అంచుకి ఆనేలా పెట్టుకుని తీసింది. వెనక తెర మీద చూస్తే క్యాలెండరు అక్కడే ఉంది. ఇంకోటి తీసింది, మరొకటి తీసింది. కంటికి ఎంత కనిపించిందో ఫొటోలో అంతే వచ్చింది.

మాస్టారు కెమెరా అందుకుని కుడికంటికి పెట్టుకున్నారు. "కిటికీ దగ్గర నిలబడు. అలాగే నా ఎడమకి నడువు. మెల్లగా."

ఆమె నడిచింది.

"ఆగు. ఫ్రేములోంచి బయటికెళ్ళిపోయావా?"

"లేదు మాస్టారూ. తలుపు పక్కనే ఉన్నాను."

"తలుపెక్కడుంది?"

ఆయన కెమెరా దించకుండానే, "చెయ్యి ఊపు" అన్నారు. ఊపింది. "కన్ను అటు తిప్పి వెతికితే ఉన్నావు. నేరుగా చూస్తే లేవు" అన్నారు, కొట్లో బట్ట నాణ్యం చెబుతున్నంత మామూలుగా. తర్వాత కెమెరాని ఎడమకంటికి మార్చుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"ఈ కంటికి ఉన్నావు" అన్నారు.

కెమెరా ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. "నలభై ఏళ్ళుగా అంచుల కోసం వెతుక్కునే పని లేదమ్మా. మధ్యలో మనిషిని చూస్తుంటే నాలుగు పక్కలా ఏముందో దానంతటదే తెలిసేది. వంటచేసేవాళ్ళకి ఉప్పు తెలిసినట్టు."

"మరి ప్రింటు వేశాక కనిపించలేదా మీకు?"

"ఎందుకు కనిపించదు? రెండు కళ్ళూ పెట్టి చూస్తాను కదా. మొదటిది చూసి చెయ్యి జారిందనుకున్నాను. రెండోది చూసి మనసు బాగోలేదు కాబట్టి అనుకున్నాను. అప్పటికి ఆవిడ పోయి అయిదు నెలలు. మూడోది చూసేసరికి భయమేసింది." అట్టముక్క తీసుకుని దాని అంచు బొటనవేలితో రాస్తూ ఆగారు. "నా దగ్గర మంచివి లేకనా ఇవి పట్టుకొచ్చింది? మంచివి డబ్బాలో ఉన్నాయి. ఇవి మిమ్మల్ని అడగడానికి పెట్టాను. తీసినవాడు మాట్లాడకూడదు కదా, అందుకని పెట్టి కూర్చున్నాను. ఎవరో ఒకరు ఇదేంటి మాస్టారూ అంటారని."

ఆమె నేల చూసింది.

"ధైర్యం అన్నారు. కొత్త పోకడ అన్నారు. అంతమంది అంటుంటే నాదే చాదస్తం అనుకున్నాను. కళ్ళాసుపత్రికని రెండుసార్లు బయల్దేరి వెనక్కి వచ్చాను."

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడయింది. కూతురు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ లోపలికి వచ్చి, మంచం మీది ఫొటోలూ ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైంది నాన్నా?" అంది.

*

గురువారం ఆసుపత్రికి డ్రైవింగు స్కూలు కారులోనే వెళ్ళారు. నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. మాస్టారు ఆ సీట్లో కూర్చున్నారు, ప్రూఫమ్మ వెనక. ఖాళీ రోడ్డు మీద ఆయన ఉన్నట్టుండి ఆ బ్రేకు తొక్కారు. కారు కీచుమని ఆగింది.

"ఎవరో అడ్డొచ్చినట్టనిపించింది" అన్నారు.

ఎవరూ లేరు. మామూలుగా అయితే కూతురు ఊరుకునే మనిషి కాదు. "ఆ బ్రేకు నాది నాన్నా, నువ్వు తొక్కితే నా ఉద్యోగం పోతుంది" అని మాత్రం అని, గేరు వేసింది. ఆ మాటకి ఆయన నవ్వారు. ఆ తర్వాత పాదాలు రెండూ సీటు కిందికి లాక్కుని కూర్చున్నారు.

పరీక్ష చిన్న చీకటి గదిలో జరిగింది. గడ్డం ఒక పీట మీద ఆనించి, గిన్నెలాంటి తెల్లటి గోళంలోకి చూడాలి. లోపల ఎక్కడో ఒక చోట చుక్కంత వెలుగు వచ్చిపోతుంటుంది. కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. తెర ఇవతల బెంచీ మీద కూతురూ ప్రూఫమ్మా కూర్చున్నారు. ఎడమకంటికి మీట చప్పుడు టకటకమని వినబడుతూనే ఉంది. కుడికంటికి వచ్చేసరికి రెండు వినబడ్డాయి, ఆగిపోయింది. మళ్ళీ ఒకటి. కూతురు తాళాల గుత్తిని గుప్పిట్లో చప్పుడు కాకుండా బిగించి పట్టుకుంది. యంత్రం లోపల తిరుగుతున్న రొద వినబడుతోంది, వెలుగులు వస్తూనే ఉన్నాయన్నమాట. మీట మాత్రం నొక్కడం లేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం బల్ల మీద వాళ్ళ వైపు తిప్పి పెట్టింది. రెండు గుండ్రాలు. ఒకటి తెల్లగా, అక్కడక్కడా బూడిదరంగు. రెండోది ఎడమ సగమంతా నలుపు.

"నీటికాసులు. గ్లకోమా అంటారు" అంది. "నొప్పి ఉండదు, ఎర్రబడదు. ఒక కన్ను తగ్గితే రెండోది సర్దేస్తుంది, అందుకే ఇంట్లో ఎవరికీ తెలీదు. చూడండి తాతగారూ, పోయిన చూపు ఇక రాదు. ఎడమకంటికి ఇప్పుడే మొదలైంది. చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకుంటే దాన్ని నిలబెట్టుకోవచ్చు."

"ముందే తీసుకొస్తే?" అంది కూతురు.

డాక్టరమ్మ కాగితం మడుస్తూ తటపటాయించింది. "ఏడాది ముందొస్తే కుడికన్ను కూడా చాలావరకు మిగిలేది."

బయటికొచ్చి మందుల కిటికీ దగ్గర వరసలో కూర్చున్నారు. చీటీ మీద నంబరు రావడానికి ఇంకా టైముంది. మాస్టారు మడతపెట్టిన కాగితాన్ని మోకాలి మీద చదును చేస్తూ, తలెత్తకుండా అడిగారు.

"నువ్వు మొదటిసారి ఎప్పుడు చూశావు?"

సోమవారం అని చెప్పవచ్చు. సోమవారమే కదా స్కేలు పట్టుకుని కూర్చుంది. నోటిదాకా వచ్చింది.

"గొడుగు ఫొటోలో మాస్టారూ. సైకిలు చక్రం."

"ఎన్నాళ్ళయింది?"

"పదమూడు నెలలు."

"చూశావా అప్పుడు?"

"చూశాను."

"మరేమన్నావు?"

"గొడుగు గురించి మాట్లాడాను."

కూతురు లేచి నిలబడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మీరంతా వారం వారం చూస్తున్నారు కదక్కా. నేను పొద్దస్తమానం కారులో కూర్చుని అద్దం చూడు, పక్కలు చూడు అని ఊళ్ళోవాళ్ళ మీద అరుస్తుంటాను. ఇంట్లో ఆయన గ్లాసు తన్నలేదు, గుమ్మానికి గుద్దుకోలేదు. నాకెలా తెలుస్తుంది? మీకొక్కళ్ళకే తెలిసే వీలుంది."

"ఊరుకోమ్మా" అన్నారు మాస్టారు. ఎవరిని ఊరుకోమంటున్నారో తెలియలేదు. ప్రూఫమ్మ వైపు తిరిగి, "ఇవాళ నువ్వు బస్సులో వెళ్ళు" అన్నారు. కోపంగా అనలేదు. ఆమె ముఖం వైపు తిరిగారే గాని ఆమెని చూడలేదు.

ఆమె బస్టాపులో నిలబడి ఉండగా ఆ కారు ముందు నుంచే వెళ్ళింది. ఆయన తల వెనక్కి ఆనించి కూర్చున్నారు. రెండు బస్సులు వచ్చి పోయినా ఎక్కాలని ఆమెకి తోచలేదు.

*

శనివారం మాస్టారు రాలేదు. ప్రూఫమ్మ బోర్డుకి ఒక్క ఫొటో కూడా గుచ్చలేదు. అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక నిలబడే చెప్పింది. కెమెరాని ఎడమకంటికి మార్చడం చెప్పింది, ఆసుపత్రి కాగితం చెప్పింది, ఏడాది ముందొస్తే అన్న మాట చెప్పింది. "ఆయన ఆ ఫొటోలు మనల్ని అడగడానికి పెట్టారట" అంది. "నేను పదమూడు నెలల కిందటే చూశాను. చెప్పలేదు."

"పడవ ఫొటో ఎప్పటిది?" అన్నారు పళ్ళ డాక్టరు.

"పదకొండు నెలలు."

"దాని ముక్కు ఎడమ మూలలో తెగింది. నాకు బాగా గుర్తు. మాస్టారు ఇలా కోయరే అనుకున్నాను." ఆయన కళ్ళజోడు తీసి పట్టుకున్నారు. "నోట్లో ఒక్క పన్ను రంగు మారితే గుమ్మంలోంచే పట్టేస్తాను నేను. అలాంటిది ధైర్యమని పేరు పెట్టాను."

"నాకు కుక్క తోక" అన్నారు గుమాస్తా గారు. "ఆయన ముఖం చూస్తే అనబుద్ధి కాలేదండీ. ఆవిడ పోయిన దుఃఖంలో ఉన్నాడు, ఈ నాలుగు ముక్కలూ ఎందుకులే అని..." అంటూ మాట మింగేశారు.

"నేను రెండు చూశాను" అన్నాడు మెకానిక్. "మెట్ల దగ్గర అడిగాను గాని, ఆయన్నే అడగాల్సింది."

అలా ఒక్కొక్కరూ చెప్పారు. చూడనివాళ్ళు ఒక్కరూ లేరు.

ప్రూఫమ్మ అట్టపెట్టె తెరిచి పదహారు ఫొటోలూ వరసగా గుచ్చింది. ఎవరూ చెప్పకుండానే పళ్ళ డాక్టరు లేచి మొదటిదాని ముందు నిలబడ్డారు. ఈసారి జోకు వెయ్యలేదు. ఏం కనిపిస్తోందో చెప్పారు, ఏం అనిపిస్తోందో చెప్పారు, ఏది అడ్డొస్తోందో చెప్పారు. ఆమె కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. గుమాస్తా గారు వీపు ఫొటో ముందు చాలాసేపు నిలబడి, ఆ వీపు లేకపోతే వెనక గోడ మీది గీతలు ఎంత ఒంటరిగా ఉండేవో చెప్పారు. మెకానిక్ దుప్పట్ల ఫొటో దగ్గర ఆగాడు.

"ఆవిడ చేతుల నీడ ఆవిడకన్నా పెద్దదిగా ఉంది. మా అమ్మ ఇల్లు వదిలి వెళ్ళేరోజు ఇలాగే బట్టలు ఆరేసి వెళ్ళింది. ఈ ఫొటోలో ఆవిడ కూడా మళ్ళీ లోపలికి రాదేమో అనిపించింది" అన్నాడు. తర్వాత, "బకెట్టూ మోచేయీ అడ్డొస్తున్నాయి" అన్నాడు.

కిటికీలో వెలుగు తగ్గి, గ్రంథాలయం అటెండరు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడేదాకా అలాగే సాగింది. ఒకరి ఫొటోల గురించి ఆ గదిలో అంత శ్రద్ధగా మాట్లాడుకోవడం ప్రూఫమ్మ ఎప్పుడూ చూడలేదు. రాసిన కాగితాలు తొమ్మిదయ్యాయి.

*

ఆదివారం పొద్దున తలుపు తీసింది కూతురు. రమ్మనలేదు. తలుపు మాత్రం తెరిచి ఉంచి లోపలికి వెళ్ళిపోయింది. ప్రూఫమ్మ చెప్పులు విడిచి గుమ్మం లోపల నిలబడింది.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. బల్ల మీద అట్టలూ బ్లేడూ లేవు. చిన్న మందుసీసా, దూది, గడియారం ఉన్నాయి.

"అందరూ కలిసి చూశారు మాస్టారూ. పదహారూ. రాసుకొచ్చాను. వద్దంటే ఇక్కడ పెట్టి వెళ్తాను."

కూతురు వచ్చి, ఒక చేత్తో ఆయన తల వెనక్కి వంచి, ఇంకో చేత్తో కింది రెప్ప లాగి పట్టుకుంది. మొదటి చుక్క రెప్ప మీద పడి చెంప మీదికి జారిపోయింది. "కదలకు నాన్నా" అని దూదితో తుడిచి మళ్ళీ వేసింది. స్టీరింగు మీద ఎప్పుడూ నిలకడగా ఉండే చెయ్యి అది. రెండో కంటికి కూడా వేశాక, ఆయన కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలల్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నారు.

"అయిదు నిమిషాలు" అంది కూతురు గడియారం చూసి. "తెరవకూడదు."

"ఊఁ" అన్నారు మాస్టారు. తర్వాత, కళ్ళు మూసుకునే, "చదువు" అన్నారు.

ప్రూఫమ్మ నిలబడే చదివింది. ప్రూఫులు చదివినట్టు, మాట మాటా విడిగా, తన గొంతు ఎక్కడా కలవకుండా చదవాలనుకుంది. మొదటి ఫొటో, రెండోది, మూడోది. గొడుగు దగ్గరికి వచ్చేసరికి ఒకచోట ఆగాల్సి వచ్చింది. ఆయన తొందరపెట్టలేదు. "సైకిలు చక్రం అడ్డొస్తోంది" అని చదివి, ఊపిరి తీసుకుని అయిదోదానికి వెళ్ళింది. ఆ ఫొటోలో సందు చివర నీడ పడిన తీరు గురించి ఒక మాట వచ్చినప్పుడు మాస్టారు తల కొద్దిగా ఇటు వంచారు.

"ఇంకోసారి చదువు అది."

చదివింది.

"ఎవరన్నారు?" అన్నారు. వెంటనే, "వద్దు, చెప్పకు" అన్నారు.

గడియారం ముల్లు అయిదు నిమిషాలు దాటింది. "నాన్నా, ఇక తెరవచ్చు" అంది కూతురు.

మాస్టారు కళ్ళు తెరవలేదు. కంటి మూలల మీది వేళ్ళు మాత్రం తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంకెన్నున్నాయి?"

"పదకొండు మాస్టారూ."

"కూర్చుని చదువమ్మా" అన్నారు.

కూతురు మందుసీసా మూత బిగించింది. గోడవారగా ఉన్న స్టూలు తెచ్చి ప్రూఫమ్మ పక్కన వేసి, తను వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.